వెలుగు వణికినప్పుడల్లా

మళ్లీ వెలుగు వణికింది.

చిరుగు ఆనవాలు లేకుండా కుట్టే రఫూ అక్క చేతిలో సూది ఆగిపోయింది. నల్ల కోటు చిరుగుకి నల్ల దారం. ట్యూబులైటు కింద పోగులన్నీ కలగాపులగంగా కనిపించి ప్రాణం తీస్తాయి.

అందుకే నేలమాళిగలోని ఆ కొట్టుకి ఎండే దిక్కు. మిద్దె మీద సూర్యుడితోపాటు తిరిగే పెద్ద అద్దం, దాని కింద గొట్టం. ఎండ ఆ గొట్టంలోంచి తిన్నగా ఆమె బల్ల మీదికి దిగుతుంది.

ఇంకొక్క కోటు మీద కుట్టు బయటపడితే ఇంటికి పొమ్మంటానని యజమాని పొద్దున్నే చెప్పాడు.

పది నిమిషాలకోసారి ఈ వణుకు ఎన్నాళ్లుగానో ఉన్నదే. ఇవాళ మాత్రం ఓర్చుకోలేక విసవిసా నాలుగంతస్తులు ఎక్కింది.

అనుకున్నంతా అయింది. మిద్దె గదిలో అద్దెకుండే ముసలాయన రెండు చేతులా అద్దాన్ని పట్టుకుని కదుపుతున్నాడు. కొట్లో అందరూ మిద్దె కోతి అని పేరుపెట్టింది ఆయనకే.

"ఏమయ్యా, నా నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

ఆయన చేతులు తియ్యలేదు. "నేను ముట్టుకోకపోతే మీకే ఇబ్బందమ్మా."

"బెదిరిస్తున్నావా?"

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఆమె వింటేగా. అదే ఊపున యజమాని దగ్గరికెళ్లి ఉన్నవీ లేనివీ కలిపి చెప్పింది. ఆ మిద్దె గదీ యజమానిదే. సాయంత్రానికల్లా ముసలాయన పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పీడ విరగడైందని నవ్వుకున్నారు.

మర్నాడు వెలుగు వణకలేదు. అసలు రానే లేదు.

కోటు ఆ రోజే ఇవ్వాలి. ట్యూబులైటు కింద కళ్లు చికిలించుకుని కుట్టింది. కుట్టు గీతలా కనిపిస్తోందని కోటు తిరిగొచ్చింది. రేపట్నుంచి రావద్దని యజమాని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఆ మంటంతా అద్దం బాగుచేయడానికొచ్చిన మెకానిక్ మీద చూపించింది. ఆ కోతి ఏం పాడుచేసి పోయాడో తేల్చమని దగ్గరుండి మూత విప్పించింది.

లోపల మోటారు మాడిపోయి, తుప్పు పట్టి ఉంది. అద్దం చట్రం మీద సుద్దతో గీతలు, పక్కనే పది నిమిషాల తేడాతో టైములు.

"ఇది కాలిపోయి ఎనిమిది నెలలైనా అయ్యుంటుందక్కా," అన్నాడు మెకానిక్. "మరి నిన్నటిదాకా మీకు వెలుగెలా వచ్చింది?"

ఆమె ఆ సుద్ద గీతల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూసింది.

ఇన్నాళ్లూ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ అద్దాన్ని సూర్యుడి వెంట తిప్పినవి ఆ ముసలాయన చేతులే.