ఒక రేక తక్కువ

"మా వాకిలి నీకేం పాపం జేసిందే మారెమ్మా? అందరి ముందర మంచిగ ఊడుస్తవు. మా కాడికొచ్చేసరికి చీపురు పక్కకు తిప్పుతవు!"

గడపలో నిలబడి శ్యామలమ్మ కేకేసింది.

వీధి ఊడ్చే మారెమ్మ నడుం ఎత్తి చూసింది.

"ఊడుస్తున్ననమ్మా."

"ఏం ఊడుస్తున్నవ్? గా వేపాకులేంది? గా కాయితం ముక్కలేంది? అవతల బీరమ్మోళ్ల ముందర అద్దం లెక్క ఉన్నది."

"గది కాదమ్మా, జర పక్కనుంచి..."

"పక్కనుంచి గిక్కనుంచి నాకు జెప్పకు."

మారెమ్మ నవ్వీ నవ్వనట్టు నవ్వి, చీపురు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నవ్వుకే శ్యామలమ్మకు ఒళ్లు మండింది.

పాలమూరులో తాలూకా కచేరి వెనక సందు అది. గడప దిగితే వీధే. శ్యామలమ్మ రోజూ తెల్లవారకముందే లేచి, కళ్లాపి చల్లి ముగ్గు వేస్తుంది. నిన్నటి ముగ్గు ఇవాళ వేయదు. చుక్కలు పెడుతుండగానే ఆమె మనసులో తీగ పారడం మొదలవుతుంది.

పిల్లలు బడికి, భర్త కచేరికి పోయాక, గ్లాసు నిండా చాయ్ పోసుకుని అరుగు మీద కూర్చుని ఆ ముగ్గును చూసుకుంటుంది. రోజు మొత్తంలో ఆమెకంటూ మిగిలేది ఆ కాసేపే.

చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ ఒక్కటే ఆమెకు లోటు.

ఆ పొద్దున కూడా భర్త గుర్వయ్య సైకిల్ వీధిలోకి దింపుతూ, "చైనావోళ్లు సరిహద్దు దాటి లోపటికొచ్చిండ్రటనే," అన్నాడు దిగులుగా.

సైకిల్ చక్రం ముగ్గు అంచు దాటింది.

"జర కిందికి గూడ సూడుండ్రి," అంది శ్యామలమ్మ.

"కిందేమున్నది?"

ఆమె చిటికెడు ముగ్గు తెచ్చి చెదిరిన అంచు సరిచేసుకుంది.

మొన్న శుక్రవారమైతే మరీ అన్యాయం. నడుమ పెద్ద తామర వేస్తుండగా లోపల పాలు పొంగిన వాసన వచ్చి పరుగెత్తింది. ఒక రేక మిగిలిపోయింది. చాయ్ తాగేటప్పుడు చూసుకుంది గాని, కావాలనే అట్లా వదిలేసింది. ఎవరైనా అడుగుతారేమో చూద్దామని.

సాయంత్రం దాకా ఎదురుచూసింది. ఇంట్లో సరే, సందులో కూడా ఒక్కరంటే ఒక్కరు, "రేక తక్కువైంది గదా" అనలేదు.

అయినా ఒక సంగతిలో ఆమెకు గర్వమే. అందరి ముగ్గులూ పొద్దెక్కేసరికి చెరిగిపోతాయి. తనది మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. పనితనమంటే అదీ అనుకునేది.

మర్నాడు వీధులూడ్చేవాళ్ల మీది జమేదారు కాటమయ్య సందులోకి రాగానే శ్యామలమ్మ ఎదురెళ్లింది.

"మారెమ్మ మా ముందర సగమే ఊడుస్తున్నది. ఆ చెత్త మీరే సూడుండ్రి."

"ఫికర్ జేయకుండ్రమ్మా. ఆమెను స్టేషన్ దిక్కు ఏస్త. రేపటికెల్లి ఇంకోన్ని పంపిస్త."

మాట తప్పలేదు. కొత్తగా వచ్చిన బాలస్వామి పొడుగు కట్టె చీపురుతో సందును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క ఊపున ఊడ్చేశాడు.

చాయ్ గ్లాసుతో అరుగు మీదికి వచ్చిన శ్యామలమ్మ అట్లాగే నిలబడిపోయింది.

వాకిట్లో ఒక్క ఆకు లేదు. ఒక్క గీతా లేదు.

రెండోరోజూ అంతే. వారం తిరిగినా అంతే. చాయ్ ఎప్పటిలాగే ఉంది. ఎటు చూస్తూ తాగాలో మాత్రం తెలియడం లేదు.

చివరికి అడిగేసింది.

"ఏమయ్యా బాలస్వామీ, ముగ్గు మీద చీపురెందుకు పెడ్తవు?"

"ముగ్గు ఇడిసిపెడ్తె దాని సుట్టు చెత్త మిగులదా అమ్మా? మారెమ్మ గట్లనే జేసేది. ఒంగి ఒంగి, ముగ్గుకు తాకకుంట సుట్టూ తిరిగేది. సగం చెత్త ఆడనే ఉండేది. గందుకే ఎవరో ఇంటోళ్లు ఆమె మీద చెప్పిండ్రట."

ఆ ఇంటివాళ్లెవరో అతనికి తెలియదు.

శ్యామలమ్మ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆదివారం పొద్దున ఆమె చీర మార్చుకుని బయలుదేరుతుంటే గుర్వయ్య పేపర్ దించాడు.

"ఎటువోతున్నవే?"

"మారెమ్మను పిలుచుకొస్త."

"ఏం పనున్నది?"

"పని లేదు. చాయ్‌కి."

గంజ్ వెనక వాడలో అడుగుతూ పోతే మారెమ్మ గుడిసె దొరికింది. తలుపుకు తాళం ఉంది. పక్కింటి సైదమ్మ చేట దించి లేచింది.

"మారెమ్మ లేదమ్మా. స్టేషన్ కాడ కంకర మీద నడువనీకి మోకాళ్లు ఆగలే. పని ఇడిసిపెట్టి మర్రిగూడల బిడ్డ తానకు పోయింది."

"ఎప్పుడొస్తది?"

"ఇగ రాదమ్మా. సామానంత కట్టుకుని మొన్ననే పాయె."

వెనక్కి తిరగబోయిన శ్యామలమ్మ చూపు గోడ మీద ఆగింది.

అలికిన మట్టిగోడ మీద కింది నుంచి చూరు దాకా తెల్లసుద్ద ముగ్గులే. జంట హంసలు, మెలికల తీగలు, దీపాల వరుసలు. అన్నీ తన వాకిట్లోవే. తాను మరిచిపోయినవి కూడా ఉన్నాయి.

"పనికెల్లి వచ్చుడుతోనే గోడ కాడ కూసునేది," సైదమ్మ నవ్వింది. "చాయ్ తాగుదువు రావే అంటె, 'జర ఆగు, ఏసినంక తాగుత, లేకుంటె మరిసిపోత' అనేది. ముగ్గుల పిచ్చిది."

శ్యామలమ్మ దగ్గరికి నడిచింది.

గోడ నడుమ పెద్ద తామర ఉంది.

రేకులన్నీ తెల్లసుద్దవే, ఆ శుక్రవారం తాను వేయకుండా వదిలేసిన ఆ ఒక్క రేక మాత్రం ఎర్రజాజుతో దిద్ది ఉంది.