తుమ్ముకు ముందు

మూడో కాన్పు నుంచీ ఏళ్ల తరబడి నాంచారమ్మ తుమ్మితే చాలు, చీర తడిసేది. ఈమధ్య ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మాట్లాడే నడికట్టును చీర కింద దాచుకుంది. అది చలికాలమంతా ఆమెకొక్కదానికే వినబడేలా గొణిగింది: "కింద బిగించమ్మా. పది లెక్కపెట్టు. ఇప్పుడు వదులు."

ఎండలు ముదిరాయి. గుంటూరు మిర్చి యార్డులో కొత్త కాయ దిగింది. తొడిమలు తీసే పనికి నాంచారమ్మ ఎప్పటిలాగే సంచిలో మారుచీర పెట్టుకుని వచ్చింది.

మేస్త్రి బస్తా విప్పాడు. ఘాటు గుప్పుమంది. కాలం మారగానే పాఠం మార్చుకునే నడికట్టు ఆ ఘాటు పసిగట్టి, యార్డు గోలకు తగ్గట్టు గొంతు కూడా పెంచుకుంది.

"తుమ్మొస్తోంది, బిగించు!"

నాంచారమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. కానీ ఆ అరుపు ఆమె నడుము నుంచి మాత్రమే రాలేదు. షెడ్డులో ఉన్న ముప్పై మంది ఆడవాళ్ల నడుముల నుంచీ ఒక్కసారే వచ్చింది.

అందరూ బిగించారు, తుమ్మారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నీక్కూడానా వదినా?" అంది పక్కనున్న సుబ్బాయమ్మ.

"పదిహేనేళ్ల నించీనే! నాకొక్కదానికే అనుకుని చచ్చాను," అంది నాంచారమ్మ.

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. అంత నవ్వినా చీర తడవలేదు.

మధ్యాహ్నం నాంచారమ్మ ఆ మారుచీర మడతలు విప్పి, అందరూ కూర్చుని అన్నం తినడానికి నేలమీద పొడుగ్గా పరిచింది.