సర్వర్ ముందు ఐసుగడ్డ

పర్శరాములు భుజం మీద గోనెసంచిలో ఐసుగడ్డ మోసుకుంటూ కంపెనీ ఆఫీసులోకి వచ్చాడు. ఆగస్టు నెల. దుబాయ్ అల్ కుసైస్‌లో నిన్న సాయంత్రం నుంచి కరెంటు లేదు.

"సార్, ఆస్పత్రి కాగితం గావాలె. మా తమ్ముడు వెంకట్రాములుది. అది ఉంటేనే లోపలికి తీస్కుంటరట."

కంప్యూటర్ ఆపరేటర్ పేరు వీరవెంకటసత్యనారాయణ. అమలాపురం వాడు. అంత పేరుకు దుబాయ్‌లో ఎవడికీ నోరు తిరగదు కాబట్టి అందరికీ సత్యం.

"ఇవ్వనన్నానా? సర్వర్ చల్లబడాలి కదయ్యా."

సర్వర్ అంటే అద్దాల గదిలో ఉన్న బీరువా అంత కంప్యూటర్. హోటల్లో సర్వర్ ఉంటాడే, దీని పనీ అదే. ఫుజైరా ఆఫీసు, అల్ ఐన్ ఆఫీసు ఫోను తీగల మీదుగా అడుగుతూనే ఉంటాయి, ఇది వడ్డిస్తూనే ఉంటుంది. రెండువేలమంది కూలీల పాస్‌పోర్టులు, వీసాల వివరాలన్నీ దాని కడుపులోనే. మనుషులు నలభై ఎనిమిది డిగ్రీల్లో ఇటుకలు మోస్తారు. ఇది మాత్రం పాతిక దాటితే కళ్లు తేలేస్తుంది. జనరేటర్ ఏసీని నడపలేకపోయింది. పొద్దున్నే సర్వర్ మొరాయించింది.

"ఆ గడ్డ ఇలా ఇయ్యి. ఫ్యాను ముందు పెడితే లేస్తుంది."

"తమ్ముని కోసం తెచ్చిన సార్. క్యాంపుల ఉడికిపోతున్నది. ఐసు లేకుంటే వాడు ఎక్కువసేపు ఆగడు."

"ఇది లేవకపోతే నీకు కాగితం ఎక్కడిది?"

పర్శరాములు గోనెసంచి కిందికి దించాడు.

"సగం తీస్కో సార్. సగం వానికి ఉండనియ్యి."

సగం చాలలేదు. అరగంట తర్వాత మిగిలిన సగాన్ని అతనే సంచిలోంచి తీసి ఫ్యాను ముందు పెట్టాడు. గోడకు ఆనుకుని, అది కరగడం చూస్తూ కూర్చున్నాడు.

సత్యానికి మనసు చివుక్కుమంది. యంత్రానికి ఐసు పెట్టి మనిషిని ఎండబెడుతున్నాననిపించింది.

"ఒళ్లు బాగా కాలుతోందా?"

"ఇప్పుడు లేదు సార్."

"దగ్గర ఎవరున్నారు?"

"లచ్చన్న ఉన్నడు. తడిబట్ట కప్పిండు."

"మంచినీళ్లు పట్టిస్తూ ఉండమను."

పర్శరాములు కరిగిన నీళ్లను గోనెసంచితో తుడిచాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి. సత్యం గబగబా నంబరు కొట్టాడు. ప్రింటరు గీరుకుంటూ కాగితాన్ని బయటికి తోసింది. చింపి చేతికిచ్చాడు.

"యల్లా, పరిగెత్తు. ఆస్పత్రిలో చేర్చుకుంటారు. సాయంత్రానికి నీ తమ్ముడు లేచి కూర్చుంటాడు."

పర్శరాములు కదల్లేదు.

"ఇది గాదు సార్. ఇంకోటి గావాలె."

"ఇంకేం కాగితమయ్యా?"

"శవాల గదికి రాసేది సార్, వాడు తెల్లారకముందే పోయిండు, సచ్చినోనికి తొందరేందంటరని మీకు చెప్పలే."