నాగుల పంచమి తెల్లారి

నాగుల పంచమి రోజు పొద్దున్నుంచే అఖిల బ్యాగు సర్దడం మొదలుపెట్టింది.

"రేపు గిన ఆ మూట గడప కాడ కనవడిందనుకో, పిల్లను తీస్కొని తిమ్మాజిపేట పోత. మా అమ్మోళ్లింట్లనే ఉంట. మల్ల నన్ను పిలువకు" అంది మొగుడు క్రాంతి కుమార్‌తో.

వనపర్తిలో ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి ఏటా ఇదే గొడవ. నాగుల పంచమి మర్నాడు తెల్లారేసరికి గడప ముందు ఒక మూట ఉంటుంది. కొత్త టువ్వాల. నాలుగు మూలలా పసుపు. లోపల బొట్టు పెట్టిన ఎండుకొబ్బరి కుడుక, నువ్వుల ముద్దలు. ఎవరు పెడుతున్నారో తెలియదు.

పక్కింటి హన్మమ్మ మొదటి ఏడే తేల్చి పారేసింది.

"గిది బాణామతి. తిథి చూస్కొని మరీ పెడుతుండ్రంటే చెయ్యి తిరిగినోళ్లే."

పోయిన ఏడు మూట వచ్చిన వారానికే కూతురు మానస జ్వరంతో దవాఖానలో పడింది. ఆ తర్వాత అఖిలకు వేరే రుజువు అక్కర్లేకపోయింది.

ఇదంతా ఇంకొకరి ఇంట్లో జరిగితే ఏదో అనుకోవచ్చు. క్రాంతి కుమార్ హైస్కూల్లో సైన్సు సారు. ఊరూరా తిరిగి బాణామతి, చేతబడి లేవని చెప్పే మనిషి. ఎవరైనా తుమ్మితే ఆగడు, మంచి రోజు చూడడు. ఆఖరికి పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా చెప్పడు, చెప్పించుకోడు. జూన్ ఒకటిన సార్ల వాట్సాప్ గ్రూపులో సగం మందికి పుట్టినరోజే. బడిలో వేసేటప్పుడు పంతుళ్లు తోచినట్టు రాసేసిన తేదీ అది. అందరూ ఒకరికొకరు కేకు బొమ్మలు పంపుకొని మురిసిపోతుంటే, "మీరు శుభం అంటే నా ఆయుష్షు ఒక్క నిమిషమైనా పెరుగుతుందా? రుజువు చూపండి" అని పెట్టి అందరి నోళ్లూ మూయిస్తాడు. కూతురు కేకు అడిగినా అదే ప్రశ్న వేశాడు. పిల్ల ఏడ్చి ఏడ్చి పడుకుంది. అతనికీ బాధేసింది గానీ బయటపడలేదు.

అంతటి మనిషి ఇన్నేళ్లలో ఆ మూటను చేత్తో ముట్టుకోలేదు. కర్రతోనే విప్పి చూసి, కర్రతోనే వీధిలోకి జరిపేవాడు. భయం కాదు, శుభ్రత అనేవాడు.

ముట్టుకున్నది సాయమ్మ ఒక్కతే. వీధి ఊడ్చే ముసలామె. వీళ్లు ఇల్లు మారిన కొత్తల్లోనే ఆమె కూడా ఆ వీధి పనికి వచ్చింది. "గీ దానికే గింత పరేషాన్ అయితరా సారు" అంటూ మూటను చంకన పెట్టుకొని పోయేది. చదువు లేకపోయినా సాయమ్మే అసలైన హేతువాది అని క్రాంతి కుమార్ క్లాసులో పిల్లలకు చెప్పేవాడు.

మిగతా అందరి మీదా అతనికి అనుమానమే. తన ఉపన్యాసాలతో గిరాకీ పోగొట్టుకున్న లింగాల ఊరి మంత్రగాడు మల్లన్న చేయిస్తున్నాడా? ప్రతిసారీ మూటను అందరికంటే ముందు చూసేది హన్మమ్మే, ఆమె పనా? ఒక దశలో అఖిలను కూడా అనుమానించాడు. తనతో ఎలాగైనా పూజ చేయించాలని ఆమే పెడుతోందేమో అనుకున్నాడు.

సాయంత్రం హన్మమ్మ వచ్చి కూర్చుంది.

"గా మల్లన్ననే పిలుద్దం. సారు పుట్టిన నచ్చత్రం చెప్తే చాలు, పెట్టినోళ్లకే తిప్పి కొడతడు."

అఖిల మొగుడి ముఖం చూసింది.

"నాకు తెల్వదు. తెల్సినా చెప్ప" అని లేచిపోయాడు.

మర్నాడు కోడి కూసే వేళకే వాకిట్లో నీళ్ల డ్రమ్ము చాటున నిలబడ్డాడు. ఇవాళ దొంగను పట్టకపోతే పెళ్లాం పిల్లతో వెళ్లిపోతుంది. తర్వాత ఊళ్లలో ఏ ముఖం పెట్టుకొని మాట్లాడాలి?

గేటు కిర్రుమంది. ఎవరో ముసుగు కప్పుకొని వచ్చారు. వంగి గడప ముందు మూట పెట్టారు. తలుపు వైపు రెండు చేతులూ చాపి, కణతలకు ఆనించి మెటికలు విరిచారు. మంత్రమే వేస్తున్నారనుకున్నాడు.

టార్చి వేశాడు.

సాయమ్మ.

"నువ్వా?" అన్నాడు. కోపం కంటే ముందు ఏడుపొచ్చినంత పనైంది. "ఎవలు పంపిండ్రు నిన్ను?"

"ఎవలు పంపలే సారు."

"మరి ఏంది గిది? నా బిడ్డ ఏం చేసింది నీకు?"

సాయమ్మ అదిరిపడింది. "గా పిల్ల చల్లగుండాలె సారు. మంత్రం గాదిది. కొత్త బట్ట ఉత్తగ ఇయ్యొద్దని పసుపు వెట్టిన. పుట్టిన దినం గద."

"ఎవలిది?"

ఆమె తల వంచుకుంది. "నీదే."

చప్పుడుకు తలుపు తెరిచిన అఖిల గడపలోనే ఆగిపోయింది. క్రాంతి కుమార్ వెటకారంగా నవ్వాడు.

"నా పుట్టినరోజు జూన్ ఒకటి. అందరికీ తెల్సు."

"అది బడిల రాసిన దినం సారు. నువ్వు నాగుల పంచమి తెల్లారి పుట్టినవ్. జోరు వాన ఆ పొద్దు."

అతను టార్చి కింద పెట్టాడు. వంగి టువ్వాలను మొదటిసారి చేత్తో ముట్టుకున్నాడు.

గద్వాల బస్టాండులో పసిగుడ్డుగా చీర ముక్కలో చుట్టి ఎవరో వదిలేసిన క్రాంతి కుమార్ ఏ రోజున పుట్టాడో, ఆ వదిలేసిన మనిషికి తప్ప పెంచిన ఆశ్రమం వాళ్లకు కూడా తెలియదు.