గంటకో చుక్క

“కంట్లో చుక్కలు వేసుకుంటున్నారా లేదా? నిజం చెప్పండి!” డాక్టర్ హరిత గొంతు పెరిగింది.

జమాల్ బాషా తల వంచుకున్నాడు. “రంజాన్ నెల గదా, రోజా ఉండానమ్మా. పొద్దుగూకే దాకా ఏమీ వేసుకోగూడదు.”

హరితకు చిర్రెత్తుకొచ్చింది. బేతంచెర్లలో నాపరాళ్లు కోస్తూ, రాతిపెచ్చు తగిలి ఎడమకన్ను పోగొట్టుకున్న మనిషి. మిగిలింది ఒక్క కన్ను. పోయిన నెల ఇక్కడే కర్నూల్లో, వార్డులో ఉంచుకుని మందు వేయిస్తే చక్కగా దారికొచ్చింది. ఇంటికి పంపారో లేదో మళ్లీ ఎర్రబడి, మసకేసి, మొదటికొచ్చింది.

“పెద్దాయనా, ఇటు చూడండి. మన ఒంట్లో కాపలావాళ్లుంటారు. మీ దెబ్బతిన్న కన్ను చూశాక, వాళ్లకు బాగున్న కన్ను మీదా అనుమానం పుట్టింది. ‘శత్రువు ఇక్కడున్నాడు, రండి’ అని ఒకరికొకరు కబుర్లు పంపుకుంటున్నారు. ఆ కబురు కొంచెమైతే మంచిదే, కంటి వెనకున్న నరాల కణాలను బతికిస్తుంది. ఆగకుండా వస్తూనే ఉంటే మాత్రం అవి చచ్చిపోతాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు. ఆ కబుర్లను అణిచేదే ఈ మందు. మీకేమో షుగరు, మాత్రలు ఎక్కువ ఇవ్వలేను. గంటకో చుక్క పడాల్సిందే.”

“అంటే నా ఒళ్లే నా కన్ను తింటాండాదా?”

“అవును.”

“బాగుండాది,” అని నవ్వాడు బాషా. ఆ నవ్వు చూస్తే హరితకు మనసు అదోలా అయింది.

“పోనీ, రాత్రిపూటైనా వేసుకుంటున్నారా?”

“రాత్రి నమాజుకు పోతానమ్మా...” నీళ్లు నమిలాడు.

“ఇట్లాగే మొండికేస్తే పండగనాటికి నెలవంక కూడా కనపడదు మీకు!” అనేసి నాలుక కరుచుకుంది హరిత.

తలుపు అవతల వరండాలో ముసలివాళ్లు కూచుని ఉన్నారు, ఒకరి పక్కన కూతురు, ఒకరి పక్కన మనవడు. బాషా వాళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

చీటీలు తీసుకొచ్చిన నర్సు ఫిరోజా ఆగిపోయింది. “అదేం మాట చాచా! కంట్లో మందేస్తే రోజా పోదు. మౌల్వీసాబే చెప్పినాడు. మా అబ్బాకు రోజాలోనే నేను వేస్తాండా.”

హరితకు ప్రాణం లేచొచ్చింది. “విన్నారుగా! ఫిరోజా, ఒక చుక్క ఇప్పుడే వెయ్యి.”

ఫిరోజా ఆయన గడ్డం పైకెత్తి, రెప్ప విప్పి, చుక్క వేసింది. మందు లోపలికి దిగిపోయింది. బాషా మాత్రం మొహం దించలేదు.

“అయిపోయింది చాచా.”

“ఇంకొంచేపు ఉండనీ బిడ్డా.”

ఫిరోజా చెయ్యి తీయలేదు. కాసేపటికి ఆయనే తల దించాడు. హరిత సీసాను ఆయన చేతిలో పెట్టింది. ఏళ్ల తరబడి కోతమిషను పట్టి వణుకు పుట్టిన చెయ్యి అది. సీసా అందులో కుదురుగా నిలవలేదు.

“రోజా పోదని తెలిసింది కదా. ఇంకేం అడ్డం?” అంది హరిత.

“అది నాకూ తెలుసమ్మా,” అన్నాడు బాషా మెల్లగా. “రోజా అని చెప్తే నలుగురిలో మర్యాదగా ఉంటాది. ఇంట్లో చుక్కేసే దిక్కు లేదని ఎట్ల చెప్పుకునేది?”