పసుపు తువ్వాలు

శత్రువుల ఓడల్ని కనిపెట్టమని ఇచ్చిన బైనాక్యులర్స్‌ని సిపాయి మళ్ళీ తన ఇంటి పెరటివైపే తిప్పాడు. ఈ పూటా అదే తంతు. పెళ్ళాం దండెం మీది పసుపు తువ్వాలు లాగి, మునివేళ్ళ మీద లేచి, ఉత్తరం టవర్‌కేసి ఊపుతోంది. ఆ టవర్ మీద కాపలా ఉన్న మీసాలాయన టోపీ తీసి ఊపుతున్నాడు. అదీ రెండు చేతులతో!

సిపాయికి ఒళ్ళు భగ్గుమంది. ఇద్దరూ కుటుంబాలతో ఒకే ఓడలో ఈ అరచేయంత దీవిలో దిగారు. మొదటిరోజు ఉత్తరం టవర్ సిపాయిదే. మర్నాడే మేజర్ ఇద్దర్నీ అటూ ఇటూ మార్చి, సిపాయిని ఈ దక్షిణం టవర్ ఎక్కించాడు. "ఎవరెక్కడ కాపలా కాస్తున్నారో పెళ్ళాలకి కూడా చెప్పకూడదు. చెప్పారో, జైలే" అని హెచ్చరించాడు. ఆ మీసాలోడే మేజర్ చెవిలో ఏదో ఊది మార్పించుకుని ఉంటాడు. ఎందుకో ఇప్పుడర్థమైంది. కంచే చేను మేస్తుంటే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

పెళ్ళాం లోపలికి పోయింది. బైనాక్యులర్స్ దించేసరికి, కింద అవతలి వరుస క్వార్టర్స్‌లో ఎవరో ఆవిడ రోజూలాగే గొడుగు పైకెత్తి ఆడిస్తోంది. ఎవరో ఏమిటో చూసే ఓపిక సిపాయికి లేదు. ఆడమనిషి పలకరిస్తే పలక్కపోతే బాగుండదని, రోజూలాగే టోపీ తీసి ఓసారి ఊపి, మళ్ళీ తన ఏడుపులో తాను పడ్డాడు.

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పెళ్ళాం కూనిరాగం తీస్తూ టీ కాస్తోంది. ఆ రాగం అతనికి పుండు మీద కారం చల్లినట్టుంది.

"పెట్టె సర్దుకో. రేపొచ్చే ఓడలో పుట్టింటికి పో."

"అదేంటండీ? వచ్చి నెలైనా కాలేదు!"

"నెలకే ఇంత వెలగబెట్టావు. ఏడాదుంటే టవరెక్కి కాపురం పెడతావు."

"నేనేం వెలగబెట్టాను?"

"ఆ తువ్వాలు ఊపడం! రోజూ కళ్ళారా చూస్తున్నాను."

ఆవిడ ముఖం విప్పారింది. "చూడాలనేగా ఊపేది!"

సిపాయి కుర్చీలో కూలబడ్డాడు. "ఛీ! సిగ్గు లేదూ?"

"సిగ్గు లేనిది మీకు! ఇవాళ రెండు చేతులూ ఊపేశారు. పక్కింటావిడ చూస్తుందేమోనని నేనే లోపలికి పరిగెత్తాను."

"నేనా? నేనెప్పుడు..."

"చాల్లెండి, నా దగ్గరా దాపరికం? మొదటిరోజు ఆ టవర్ నిచ్చెన మీరెక్కడం చూశాగా. ఎక్కడుంటారో మీరు చెప్పకూడదు, నేనడక్కూడదు. సరే, తువ్వాలు ఊపితే తప్పేముందనుకున్నాను. మీరూ టోపీ ఊపారు. చుట్టూ నీళ్ళు తప్ప తెలిసిన మొహం కనపడని ఈ దీవిలో నాకు పొద్దుపోయేది దాంతోనే. అదీ వద్దంటారా, పంపించెయ్యండి." ఆవిడ మంచం కింది పెట్టె బయటికి లాగింది.

సిపాయి నోరు తెరిచాడు. ఆ టవర్ మీదున్నది నేను కాదే పిచ్చిదానా అనబోయి, మేజర్ మాట గుర్తొచ్చి టక్కున మూశాడు. మింగలేడు, కక్కలేడు. అయినా గుండెల మీంచి బండ దిగినట్టయింది. అన్నాళ్ళూ ఊపింది తనకోసమే!

"పెట్టె ఎక్కడిదక్కడ ఉండనీ. టీ పొయ్యి" అన్నాడు మెత్తగా.

ఇక తేలాల్సింది ఆ మీసాలోడి సంగతి. పరాయివాడి పెళ్ళానికి టోపీ ఊపుతాడా? ఎంత పొగరు! తెల్లారనీ, ఆ మీసాలు రెండూ పీకి చేతిలో పెట్టాలి. సిపాయి పళ్ళు నూరుతూ టీ గ్లాసు అందుకున్నాడు.

తలుపు దబదబ మోగింది. తీసి చూస్తే ఎదురుగా మీసాలాయన. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేతిలో ఆడవాళ్ళ గొడుగుంది.

"ఏరా, నా పెళ్ళాం గొడుగు ఊపితే టోపీ ఊపడానికి నువ్వెవడివిరా?"