నాలుగో గేరు

“సీటు సంగతి నాను సూసుకుంతాను, ముందు మనిసిని ఎక్కించెహె!” అని అరిచాడు జ్ఞానదాసు.

గవర్రాజు మేస్త్రీ శుభాకర్‌ని భుజం మీంచి దించి కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. శుభాకర్ చొక్కా కుడివైపంతా నెత్తురుతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. ముక్కు చితికింది. బాగా కొట్టి, కింద పడేసి, ఆపైన డొక్కలో పొడిచినట్టున్నారు. నిన్నటిదాకా ఆ తెల్లని తోలు సీటు మీద ఎవరైనా సిమెంటు చెయ్యి ఆనిస్తే చాలు, జ్ఞానదాసు ఇంతెత్తున లేచేవాడు. ఇవాళ దాని మీద బావమరిది నెత్తురు మడుగు కడుతుంటే ఆయనకది కనిపించనే లేదు.

“ఎవుడ్రా?”

“సన్యాసిరాజు మనుసులు బాబూ. స్టోరు యెనకాల నలుగురు కమ్మీసినారు. నాను పరిగెత్తికెల్లీసరికి...” గవర్రాజు తనూ వెనకెక్కి శుభాకర్ తలను ఒళ్ళో పెట్టుకున్నాడు.

సన్యాసిరాజు పక్క సైటు కాంట్రాక్టరు. ఉక్కునగరం క్వార్టర్లు కట్టే పనిలో ఆయనకీ జ్ఞానదాసుకీ మొదటిరోజు నుంచే పడదు. ఆర్నెల్లుగా జ్ఞానదాసు సైటులో ఇనపచువ్వలు మాయమైపోతున్నాయి. స్టోరు చూసేది శుభాకరే. “దొంగెవుడో తెలిసిపోనాది బావా. రేపు రుజువుతో సెప్తాను” అన్నాడు నిన్న సాయంత్రం. ఇవాళ మధ్యాహ్నానికి ఇలా తేలాడు.

కారు కుర్మన్నపాలెం దాటింది. అది జర్మనీ కారు. మూడేళ్ళ కిందట, ఎనభై అయిదులో, మద్రాసు వేలంలో పంతం పట్టి కొన్నాడు. మీటరు మీద రెండు వందల ఇరవై దాకా అంకెలున్నాయి గానీ, విశాఖపట్నంలో దాన్ని ఎనభై దాటించడం ఆయన వల్ల కాలేదు. సగం రోడ్డు లారీలది, మిగతా సగం గేదెలది. “దీని బదులు ఏనుగుని పెంచినా ఇంతకన్నా తక్కువే తాగును” అని పెళ్ళాం జయశీల రోజూ దెప్పేది. వెనక్కి చూసే లోపలి అద్దం విరిగి ఏడాదైంది, కొత్తది బొంబాయి నుంచి ఇంకా వస్తూనే ఉంది. అయినా పొద్దున్నే తాళం తిప్పి ఇంజను గుర్రుమంటే ఆయనకి కడుపు నిండిపోయేది. నాలుగో గేరులో తనివితీరా తోలాలన్న కోరిక మాత్రం తీరనే లేదు.

పక్క అద్దంలో ఆకుపచ్చ జీపు కనిపించింది. పట్టపగలు లైట్లు వేసి ఆర్పుతూ, హారన్ మోగిస్తూ మీదికొస్తోంది.

“సన్యాసిరాజు జీపు బాబూ! మిగిలిన పేనం తియ్యడానికొత్తన్నారు. తొక్కు బాబూ, తొక్కు!”

జ్ఞానదాసు తొక్కాడు. గాజువాక దగ్గర ఇనుము లారీ పక్కనుంచి దూసుకెళ్ళబోతే తలుపు పొడవునా రేకు చీరుకుపోయి నిప్పులు ఎగిరాయి. తప్పుకోబోయిన సైకిలు మనిషి మురుగుకాలవలో పడ్డాడు. జ్ఞానదాసు ఆగలేదు.

“బా...వా...” వెనకనుంచి శుభాకర్ గొంతు సన్నగా వినిపించింది. “సువ్వలు...”

“మాటాడకు నాయనా, ఆయాసం” అని గవర్రాజు గాభరాగా అడ్డొచ్చాడు. “బాబూ, ముక్కులోంచి నెత్తురాగట్లేదు. తువ్వాలు అదిమి అట్టుకుంతాను. నువ్ యెనక్కి సూడకు, రోడ్డు సూడు!”

“గట్టిగా అట్టుకో!”

షీలానగర్ దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. జ్ఞానదాసు నాలుగో గేరు వేశాడు. ఇంజను ఒక్కసారి గర్జించింది. నూట పది. నూట ముప్ఫై. జీపు అద్దంలో చిన్నదైపోయింది. వెనక తలుపు మీద కాళ్ళు టపటపా కొట్టుకున్నాయి.

“ఏటయ్యిందిరా?”

“నొప్పి బాబూ, ఓర్సుకోలేకపోతన్నాడు. బేగి పోనీ!”

కంచరపాలెం రైల్వే గేటు దిగుతోంది. గేటు మనిషి ఎర్రజెండా ఊపుతూ కేకలు పెడుతున్నాడు. జ్ఞానదాసు బ్రేకు మీద కాలు పెట్టలేదు. దిగుతున్న గేటు కారు కప్పుని కీచుమని రాసింది, పట్టాల మీద కారు ఎగిరిపడింది, అవతలికి చేరాక వెనకాల గూడ్సుబండి దడదడలాడుతూ వెళ్ళింది. జీపు ఆవలే ఆగిపోయింది.

జ్ఞానదాసుకి ఒళ్ళంతా పులకరించింది. బావమరిది చావుబతుకుల్లో కొట్టుకుంటుంటే ఇదేం సంబరమని వెంటనే సిగ్గేసింది.

“ఎలాగున్నాడ్రా?”

“ఇప్పుడు నెమ్మదించినాడు బాబూ.”

పెద్దాసుపత్రి మెట్ల ముందు కారు ఆగీ ఆగకముందే గవర్రాజు దూకి, స్ట్రెచర్ తెస్తానని లోపలికి పరిగెత్తాడు. అతనికంటే ముందు వార్డుబాయిలే వచ్చి శుభాకర్‌ని వరండాలోకి మోసుకెళ్ళారు. డాక్టరు నాడి చూశాడు, రెప్పలు ఎత్తి చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

జ్ఞానదాసు గోడకు జారగిలబడి గుండెలు బాదుకున్నాడు. “ఇంకాస్త తొక్కుంటే బతికును! మా జయశీలకి నానేటి సెప్పాలి?”

అంతలో ఆకుపచ్చ జీపు వచ్చింది. సన్యాసిరాజు ఒక్కడే దిగి పరిగెత్తుకొచ్చాడు. జ్ఞానదాసు డిక్కీ తెరిచి జాకీ రాడ్డు తీసి, ఎదురెళ్ళి నెత్తిమీద కొట్టాడు. సన్యాసిరాజు మోకాళ్ళ మీద కూలాడు. నెత్తురు కళ్ళలోకి కారింది. రెండో దెబ్బ భుజం మీద పడి ఎముక పటుక్కుమంది. మూడో దెబ్బకి రాడ్డు పైకెత్తితే వార్డుబాయిలు ఇద్దరు వచ్చి చేతులు విరిచి పట్టుకున్నారు.

“ఆపమని దారిపొడుగునా లైట్లేసి సచ్చినాను కదరా!” సన్యాసిరాజు నెత్తురు ఉమ్ముతూ అరిచాడు. “ఆ సువ్వల దొంగ, నీ మేస్త్రీ, ఏడీ?”

జ్ఞానదాసు చుట్టూ చూశాడు. గవర్రాజు ఎక్కడా లేడు.

డాక్టరు శుభాకర్ చొక్కా పైకి లాగి గాయం చూసి లేచాడు. “కత్తి లోతుగా దిగలేదండీ. కుట్లు వేస్తే పది రోజుల్లో లేచి తిరిగేవాడు.”

“మరెలాగ పోనాడు డాక్టరుగారూ?”

“ముక్కూ నోరూ మూసి చంపేశారు.”